సంతకి పొయ్యే దావ, శనివారం పరుగు

ఇక్కడ ఎప్పుడూ మన ఇంటి సంగతులే రాస్తూ వచ్చినాము. మన పెద్దవాళ్ళు మదనపల్లె వైపు నుంచి చింతామణి పక్కకి ఎట్లా వచ్చిరి, ఏ చెరువు కింద భూమి కొనిరి, ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఇట్లాంటివి. ఈసారి లండన్ అంచులో ఉండే ఒక పార్కు చరిత్ర రాస్తున్నాను. "వీడికేమైంది, ఇంగ్లండు కథ మనకెందుకు" అని పెద్దవాళ్ళు అనుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టండి, చివరికి మన చేను గట్టు మీదికే వస్తాను. నేను చదివిందంతా కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు అవ్వ దగ్గర పలక మీద నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

పోయిన ఏడాది ఆఫీసు పని మీద మూడు నెలలు లండన్ నైరుతి వైపు కింగ్‌స్టన్‌లో ఉన్నాను. థేమ్స్ నది ఒడ్డున పాత సంత ఊరు అది. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, అంటే వేరేవాళ్ళు కట్టినదాంట్లో ఎక్కడ తప్పు దొరుకుతుందా అని రోజంతా కుర్చీలో కూర్చుని వెతకడం. మా టీంలో ఒకాయన శుక్రవారం సాయంత్రం అడిగినాడు: "రేపు పొద్దున ఖాళీనా? బుషీ పార్కుకి రా. 9 గంటలకి పరుగు ఉంది, ప్రతి శనివారం ఉంటుంది." నేను పరుగెత్తి ఇరవై ఏళ్ళయింది అన్నాను. నడిచినా సరే అన్నాడు. ఒక్కసారి ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేసుకుంటే ఒక బార్‌కోడ్ ఇస్తారు. అది జీవితాంతం అదే. దాన్ని కాగితం మీద ప్రింట్ తీసి జేబులో పెట్టుకున్నాను.

పొద్దున్నే కింగ్‌స్టన్ బ్రిడ్జి దాటి, హ్యాంప్టన్ విక్ అనే చిన్న ఊరి గేటు గుండా పార్కులోకి పొయినాను. లోపలికి పొయ్యే దావకి ఒక పేరుంది, కాబ్లర్స్ వాక్. అంటే చెప్పులు కుట్టేవాడి బాట. ఆ పేరు చూసి నవ్వుకుని ముందుకి పొయినాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

మంచు ఇంకా విడలేదు. గడ్డి మీద జింకలు పడుకోనుండాయి. ఈ పార్కులో జింకలు మూడు వందల దాకా ఉంటాయి, మనుషుల్ని చూసి పెద్దగా బెదరవు. పార్కు మధ్యలో రెండు పక్కలా చెట్లు వరస పెట్టిన ఒక మైలు పొడుగు రస్తా, దాని మీద గుండ్రటి కొలను, కొలను నడుమ ఎత్తయిన పీఠం మీద బంగారు రంగు బొమ్మ. అక్కడికి దగ్గర్లో గడ్డి మీద జనం కూడినారు. వెయ్యి మందికి తక్కువ ఉండరు. మన వైపు జాత్రలో తేరు కదిలే ముందు నిలబడినట్టు నిలబడినారు. అరవై, డెబ్బై ఏళ్ళ ముసలివాళ్ళు, పిల్లల్ని తోపుడు బండిలో కూర్చోబెట్టుకున్న తల్లులు, స్కూలు పిల్లలు, సన్నగా గుర్రాల మాదిరి ఉండే నిజమైన పరుగువాళ్ళు. కొత్తవాళ్ళనందర్నీ ఒక పక్కకి పిలిచి ఒక పెద్దామె నాలుగు మాటలు చెప్పింది. ఇది పందెం కాదు, జింకల దగ్గరికి పోవద్దు, దారిలో నిలబడిన వాలంటీర్లకి థాంక్స్ చెప్పండి, అంతే.

5 కిలోమీటర్లు. నేను సగం పరుగెత్తి, సగం నడిచి, 41 నిమిషాల్లో ముగించినాను. అప్పటికి ముందువాళ్ళు ముగించి ఇరవై నిమిషాల పైన అయింది. అయినా గీత దగ్గర నిలబడినవాళ్ళు నాకు కూడా చప్పట్లు కొట్టినారు. నా వెనక ఇంకా చాలామంది ఉన్నారు. అందరికన్నా చివర ఒక వాలంటీరు నడుస్తూ వస్తాడు, టెయిల్ వాకర్ అంటారు. ఎవరు ఎంత నిదానంగా వచ్చినా ఆఖరివాడు అనే పేరు వాళ్ళకి రాకుండా, ఆ పేరు తను తీసుకోవడం కూడా అతని పనే.

రూంకి వచ్చి నాయనకి ఫోన్ చేసినాను. ఆయన అడిగిన మొదటి మాట:

"ఎంత కట్టినావురా దానికి?"

"ఏమీ కట్టలే నాయనా. ఫ్రీ."

"ఫ్రీగా ఎవుడన్నా ఇస్తాడా? లోపల ఏమో ఉంటాది, బాగా చూడు."

నాయన మాట నాకు టెస్టర్ మాట మాదిరే వినిపించింది. నిజంగా లోపల ఏముందో చూద్దామని చదవడం మొదలుపెట్టినాను. ఆ వారం, దాని తర్వాత వారం, మొత్తం పది శనివారాలు పొయినాను.

ఈ పరుగు పుట్టింది ఆ పార్కులోనే, 2004 అక్టోబరు 2న. పాల్ సింటన్ హ్యూయిట్ అనే ఆయన మొదలుపెట్టినాడు. పుట్టింది ఇప్పటి జింబాబ్వేలో, పెరిగింది దక్షిణాఫ్రికాలో. ఆయన మంచి పరుగువాడు. దెబ్బ తగిలి పరుగు ఆగిపొయింది, మనసు బాగా కుంగిపొయిన కాలం అది. స్నేహితుల్ని చూడకుండా ఇంట్లో ఉండలేక, తను పరుగెత్తలేకపోయినా వాళ్ళ టైము పట్టుకుందామని శనివారం పార్కుకి పిలిచినాడు. మొదటి రోజు పరుగెత్తింది 13 మంది. అప్పుడు దాని పేరు బుషీ పార్క్ టైం ట్రయల్. ముగించినవాళ్ళకి వరస తెలియడానికి హార్డ్‌వేర్ అంగడిలో కొన్న ఇనుప వాషర్ల మీద నంబర్లు కొట్టి ఇచ్చేవాళ్ళు. పరుగు అయినాక అందరూ కలిసి కాఫీ తాగేవాళ్ళు. 2007లో రెండో చోటు, వింబుల్డన్ కామన్‌లో మొదలయింది. తర్వాత పార్క్‌రన్ అనే పేరు వచ్చింది. ఇప్పుడు ఇరవైకి పైగా దేశాల్లో శనివారం శనివారం జరుగుతోంది. 2010 నుంచి పిల్లలకి ఆదివారం 2 కిలోమీటర్ల పరుగు కూడా ఉంది. కరోనా వచ్చినప్పుడు 2020 మార్చిలో ఆగి, ఇంగ్లండులో 2021 జులైలో మళ్ళీ మొదలయింది.

నాకు బాగా నచ్చింది దాని లోపలి పని. ఇది టెస్టర్ బుద్ధి, క్షమించండి. గీత దగ్గర ఒకరు టైమర్ పట్టుకుని నిలబడతారు. ఒక్కో మనిషి గీత దాటగానే ఒక్కో నొక్కు నొక్కుతారు. దాటింది ఎవరో వాళ్ళకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. గీత దాటినవాళ్ళు తాడు కట్టిన సన్న సందులో ఒకరి వెనక ఒకరు, వచ్చిన వరస తప్పకుండా నడవాలి. సందు చివర ఇంకొకరు వరస నంబరు ఉన్న ప్లాస్టిక్ బిళ్ళ చేతిలో పెడతారు. మూడో మనిషి నీ బార్‌కోడ్, ఆ బిళ్ళ బార్‌కోడ్ రెండూ స్కాన్ చేస్తారు. 412వ నొక్కు, 412వ బిళ్ళ, ఆ బిళ్ళ తీసుకున్న మనిషి, మూడూ కలిస్తే నీ టైము. మధ్యలో ఒక్కడు బిళ్ళ తీసుకోకుండా తాడు కింద దూరి పొయినాడంటే, వాడి వెనక వచ్చిన వందల మంది టైము ఒక్కో అంకె జరిగిపోతుంది. మా ఆఫీసులో ఇట్లాంటి తప్పు పట్టడానికి ఎన్ని రాత్రులు కూర్చున్నామో! ఇక్కడ దాన్ని ఆపేది చలికి ముక్కు తుడుచుకుంటూ, "వరస తప్పద్దు, ముందుకి జరగండి" అని అరిచే మనుషులు. ఎవరికీ జీతం లేదు. ఈ వారం పరుగెత్తినవాళ్ళే వచ్చే వారం పసుపు జాకెట్ వేసుకుని నిలబడతారు.

ఇంకొక్క సంగతి, మా వృత్తివాళ్ళ కోసం. పార్కు పక్కనే టెడింగ్టన్‌లో ఇంగ్లండు జాతీయ భౌతిక ప్రయోగశాల ఉంది. 1955లో లూయిస్ ఎస్సెన్ సీజియం అణు గడియారం పని చేయించింది అక్కడ. అలాన్ ట్యూరింగ్ యుద్ధం తర్వాత అక్కడే కంప్యూటర్ డిజైన్ చేసినాడు. హ్యాంప్టన్‌లో కాపురం. ఆయన గట్టి పరుగువాడు కూడా, 1947లో మారథాన్‌ని 2 గంటల 46 నిమిషాల్లో పరుగెత్తినాడు.

మరి నాయన అడిగిన ప్రశ్న. ఫ్రీ అనేది ఎట్లా నిలుస్తుంది? దానంతట అది నిలవదని 2016లో తెలిసింది. బ్రిస్టల్ పక్కన లిటిల్ స్టోక్ అనే చోట పార్కు ఉంది. మన గ్రామ పంచాయతీ మాదిరి స్టోక్ గిఫర్డ్ ప్యారిష్ కౌన్సిల్ దాన్ని చూసుకుంటుంది. ప్రతి వారం ఇంతమంది పరుగెత్తితే దావ అరుగుతుంది, దాని మరమ్మతుకి డబ్బు కట్టాలి అని ఏప్రిల్‌లో ఓటేసి తీర్మానం చేసినారు. వాళ్ళ మాటలో కూడా న్యాయం లేకపోలేదు. దావ అరిగేది నిజం, బాగు చేయడానికి డబ్బు కావాల్సిందీ నిజం. కానీ పార్క్‌రన్ వాళ్ళు ఒక్క చోట రుసుము ఒప్పుకుంటే అన్ని చోట్లా అడుగుతారని ఒప్పుకోలేదు. అక్కడ పరుగు ఆగిపొయింది. డబ్బు లేనివాడు గేటు దగ్గరే ఆగిపోయే రోజు రాకూడదని, ఒక పరుగునే పోగొట్టుకున్నారు.

ఇది చదివిన రోజే నాకు ఆ గేటు దగ్గరి పేరు గుర్తొచ్చింది. పార్కులో ఎవరైనా నడవచ్చు అనేది ఎప్పటి నుంచి?

మొదట్లో అది రాజుల వేట భూమి. 1529 ప్రాంతంలో కార్డినల్ వుల్సీ దగ్గర నుంచి హ్యాంప్టన్ కోర్టు ప్యాలెస్, చుట్టూ ఉండే భూములు ఎనిమిదో హెన్రీ చేతికి వచ్చినాయి. జింకలు ఆయన వేట కోసం పెంచినవే. మొదటి చార్లెస్ 1639 నాటికి ప్యాలెస్‌కి నీళ్ళ కోసం 19 కిలోమీటర్ల కాలువ తవ్వించినాడు, అది ఇప్పటికీ పార్కు గుండా పారుతుంది. చెట్ల రస్తా క్రిస్టఫర్ రెన్ మూడో విలియం కోసం వేసిన ప్లాను, 1699 నాటిది. ప్యాలెస్‌కి వచ్చేవాళ్ళు గొప్పగా చూడాలని వేసింది. బంగారు బొమ్మని 1713లో తెచ్చి పెట్టినారు. దాన్ని డయానా అంటారు. మొత్తం 1,100 ఎకరాలు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం క్యాంపు అక్కడే పడింది, ఐసెన్‌హోవర్ నార్మండీ దండయాత్ర ప్లాను అక్కడ నుంచే నడిపించినాడు. ఇవన్నీ పెద్దవాళ్ళ పేర్లు. పార్కులో ఉండే బోర్డుల నిండా అవే.

ఆ పేర్ల మధ్యలో ఒక్కటి వేరే మాదిరిది, టిమతీ బెన్నెట్. హ్యాంప్టన్ విక్‌లో చెప్పులు కుట్టేవాడు. పార్కు గుండా జనం నడిచే పాత దావని మూసేసినారు. కింగ్‌స్టన్ సంతకి వచ్చే పల్లె జనం పార్కు చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. బెన్నెట్ కొట్టు ఆ దావ మీదే. తన కొట్టు ముందర సంతకి పొయ్యే జనం తగ్గినారని గమనించి, కారణం కనుక్కుని, ఆయన లాయర్ని పట్టుకున్నాడు. 1752లో ఆయనకి 75 ఏళ్ళు. పార్కు మీద అధికారం ఉండే రేంజర్ లార్డ్ హాలిఫాక్స్. చెప్పులు కుట్టేవాడివి నీకెందుకు ఈ గొడవ అని లార్డు అడిగినాడని, కూడబెట్టిందంతా పోయినా సరే దావ తెరిపిస్తానని ముసలాయన అన్నాడని అక్కడ కథగా చెప్పుకుంటారు. లార్డు తగ్గినాడు. దావ తెరిచినారు. హ్యాంప్టన్ విక్ గేటు దగ్గర బెన్నెట్ గుర్తుగా రాయి పెట్టినారు. ఆ దావ గుండానే నేను మొదటి శనివారం నవ్వుకుంటూ లోపలికి పొయింది.

ఆ చుట్టుపక్కల ఇట్లాంటిది ఇంకొకటి కూడా జరిగింది. దగ్గరే ఉండే రిచ్‌మండ్ పార్కు గోడలు మూసి, జనాన్ని రాకుండా చేసింది రాజకుమారి అమీలియా. జాన్ లూయిస్ అనే బీరు కాచే వ్యాపారి 1758లో కోర్టులో గెలిచి, కాలినడక హక్కు తిరిగి తెచ్చినాడు. రాజుల పార్కు ప్రజల పార్కు అయింది ఒక్క రాజు దయ వల్లే అనుకుంటే తప్పు. చెప్పులు కుట్టేవాడు, బీరు కాచేవాడు ఇద్దరూ వాళ్ళ సొంత డబ్బు పెట్టి నిలబడినారు. 250 ఏళ్ళ తర్వాత 13 మంది ఎవరి అనుమతికీ దండం పెట్టకుండా షూ లేసు కట్టుకుని పార్కులో నిలబడగలిగింది అట్లా నిలబడినవాళ్ళ వల్లనే.

ఇదంతా నాయనకి ఫోన్‌లో చెప్పినాను. బాగా నవ్వుతాడనుకుంటిని. సంత, దావ, చెప్పులు కుట్టే ముసలాయన, లార్డుని ఎదిరించడం. నాయనకి ఇట్లాంటి కథలంటే ఇష్టం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లైన్ తెగిందేమో అనుకున్నాను.

తర్వాత అన్నాడు: "మన కంచె కథ నీకు తెలుసు కదా."

తెలుసు. మన ఇంట్లో అందరికీ తెలుసు. చెరువు కింద చేనులో జనం అడ్డంగా నడిచి పైరు తొక్కుతుంటే, తాత ఒక్క రాత్రిలో ముళ్ళకంప కొట్టించి కంచె వేసినాడు, భూమి కాపాడినాడు. పండగలకి అందరం చేరినప్పుడు చిన్నతాత చెయ్యి ఊపుతూ ఈ కథ చెప్పేవాడు, మేము నవ్వేవాళ్ళం. ఆ నడిచే జనం ఎవరు, ఎక్కడికి పోతుండిరి అని ఒక్కసారి కూడా మాలో ఎవరూ అడగలేదు.

నాయన చెప్పినాడు. అది చింతామణి సంతకి పొయ్యే దావ. మాదిగకేరి నుంచి మన చేను గుండా రస్తాకి చేరేది. తాత కంటే ముందు నుంచే ఉన్న దావ. కంచె వేసిన మర్నాడు ఆ కేరి నుంచి చెప్పులు కుట్టే ముసలాయన వచ్చినాడు. మన అరుగు కింద, ఎండలో నిలబడినాడు. "దొరా, అది సంతకి పొయ్యే దావ" అన్నాడు. "నా చేనులో నా ఇష్టం" అన్నాడు తాత. ముసలాయన ఇంకొంచెంసేపు నిలబడి, ఏమీ అనకుండా పొయినాడు. ఆ తర్వాత ఆ కేరి జనం నెత్తిన బుట్టలతో చెరువు కట్ట చుట్టూ తిరిగి, ఒక మైలు ఎక్కువ నడిచి సంతకి పొయ్యేవాళ్ళు.

"కంచె వేసిన తర్వాత కూడా మన ఇంటికి చెప్పులు ఆయనే కుట్టిచ్చినాడు," అన్నాడు నాయన. "నాకు పదేళ్ళు. కంచెకి మన వైపు చిన్న సందు పెట్టినారు. నేను ఆ చెప్పులేసుకుని ఆ దావలోనే బడికి పొయినా."

నాకేం చెప్పాలో తెలియలేదు. ఇక్కడ ముసలాయన దగ్గర లాయర్ని పెట్టుకునే డబ్బు లేదు. ఉన్నా తాలూకా ఆఫీసులో ఆయన మాట వినేవాళ్ళు లేరు. మరునాటి నుంచి అదే ఇంటి చెప్పులు కుట్టాల్సిన మనిషి అంతకంటే ఏం నిలబడగలడు? బెన్నెట్ కథ వినగానే నేను సులభంగా ముసలాయన పక్కన నిలబడిపొయినాను. మన ఊర్లో అదే కథలో లార్డు స్థానంలో ఉన్నది మన తాత. ఆయన మంచివాడు కాడని నేను అనడం లేదు. నన్ను ఎత్తుకుని చెరువు చూపించింది ఆయనే, ఆ కాలం కరువుల్లో పది మంది కడుపు నింపింది ఆయనే. కానీ ఈ పని కూడా ఆయనదే.

ఇండియాకి తిరిగి వచ్చినాక నాయన ట్రంకు పెట్టెలో ఉన్న పాత గ్రామ నక్ష తీసి ఇద్దరం నేల మీద పరిచి చూసినాము. మడతల్లో చిరిగిపొయింది. మన సర్వే నంబరు గుండా, ఒక మూల నుంచి ఇంకో మూలకి, సన్నటి చుక్కల గీత ఉంది. కాలిదారికి నక్షలో వేసే గుర్తు అదే. నాయన వేలితో ఆ గీత మీద రస్తా దాకా పొయినాడు. "ఇక్కడే సందు ఉండేది" అన్నాడు.

ఆ భూమి ఇప్పుడు మనది కాదు. అమ్మి చాలా ఏళ్ళయింది, లే అవుట్ వేసినారు, చుక్కల గీత మీద కాంపౌండు గోడలు లేచినాయి. తిరిగి తెరవడానికి దావ లేదు. కథని సరిగ్గా చెప్పడం మాత్రం మన చేతిలో ఉంది. ఇక మీద పండగకి చిన్నతాత పిల్లలు కంచె కథ మొదలుపెడితే, దావ కథ కూడా చెప్పమని నా మనవి. రాస్తున్నానని నాయనకి చెప్తే, "రాయి, దాచద్దు" అన్నాడు.

మన వంశవృక్షం ఏడు తరాల దాకా రాసి పెట్టినాము, కోడళ్ళ పుట్టిళ్ళతో సహా. ఆ ముసలాయన పేరు నాయనకి గుర్తు లేదు, మన ఇంట్లో ఎవరికీ తెలియదు. ఊర్లో అందరూ ఆయన్ని పనితోనే పిలిచేవాళ్ళంట. చదివేవాళ్ళలో పెద్దత్త గానీ, ఊరి వైపు ఉండే ఇంకెవరైనా గానీ ఆయన పేరు, ఆయన పిల్లలు ఎటు పొయినారో తెలిసుంటే చెప్పండి. వచ్చే నెల నేనూ నాయనా ఊరికి పోతున్నాము. చెరువు కట్ట చుట్టూ ఆ ఎక్కువ మైలు ఒకసారి నడవాలని ఆయనే అన్నాడు.